మేర బాకీ

ఊరు ఇంకో కిలోమీటరు ఉందనగానే ఆ వాసన తగిలింది. ఎండిన చెరువులో జేసీబీ పెట్టి పూడిక తీస్తున్నారు. పైన పెళ్లలు కట్టిన మట్టి లేస్తుంటే కింద నుంచి నల్లగా, ఇంకా తడి ఆరని ఒండు మట్టి వస్తోంది. కుళ్లిన తుంగ, నత్తగుల్లలు, ఎప్పటివో చేపలు, బర్రెల పెండ, అన్నీ కలిసిన వాసన. కారు అద్దం దించాను. మా అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. నాకైతే పొద్దుగూకినాక మా నాయన ఇంటికొచ్చి దండెం మీద వేసే ధోవతి వాసన అది.

పోయింది దినాలకు. మా ఊరి నీరటి చనిపోయాడు.

నీరటి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. రాయలసీమలో నీరుగంటి అంటారు. చెరువు తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూసే మనిషి. మా చిన్నప్పుడు చిన్నపిల్లలం కూడా ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లం, 'రా, పో' అనేవాళ్లం. ఆయనది ఊరవతల వాడ, మాది ఊళ్లో ఇల్లు, అంతే కారణం. ఎనిమిదేళ్ల వాణ్ని నేను వాకిట్లో నిలబడి "ఒరే, నాయిన పిలుస్తుండు" అని కేకేస్తే, మా నాయన కంటే పెద్దాయన "వస్తున్న పటేలా" అనేవాడు. ఇప్పుడు 'ఆయన' అని రాస్తుంటే వేలు ఒక్క క్షణం ఆగుతోంది. పేరు మాత్రం రాయను. బతికున్నప్పుడు ఊరంతా ఆ పేరును చాలా విరిచి పిలిచింది.

*

మాది పాత వరంగల్ జిల్లా, జనగామ వైపు. కృష్ణ లేదు, గోదావరి దూరం. వాన పడితే పట్టుకోవడానికి చెరువు, అది నిండితే కింది ఊరి చెరువు, అదీ నిండితే దాని కింది చెరువు. గొలుసుకట్టు. పాకాల, రామప్ప, లక్నవరం అని కాకతీయుల పేరు చెప్పి పెద్ద చెరువులను చూపిస్తారు గాని, ఈ నేలను బతికించింది పేరు లేని చిన్న చెరువులే. తెలంగాణలో ఇలాంటివి 46 వేలకు పైగా ఉన్నాయని లెక్క.

మా చెరువు ఎవరిదని అడిగితే జవాబు చెప్పడం కష్టం. రైతులది అందామంటే, కుమ్మరి మట్టి తీసుకెళ్లేవాడు, చాకలి రేవు పెట్టుకునేవాడు, ముదిరాజులు వల వేసేవాళ్లు. కట్ట మీది తాళ్లకు గౌండ్లాయన పొద్దున్నే మోకు పట్టుకుని వచ్చేవాడు. పశువులకు అదే కుడితి గోళెం. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లందరిదీ. ఎండాకాలం పూడిక మట్టి బండ్లకు ఎత్తుకుని పోయి పొలంలో పోసుకుంటే ఎరువు, చెరువుకు లోతు. ఇందులో ఎవరూ ఎవరినీ అడిగేది లేదు, ఎవరి వంతు ఏమిటో మాత్రం అందరికీ తెలుసు. అలాగని రామరాజ్యం అనుకునేరు. ఊరవతల వాడకు రేవు వేరు, అది కూడా బర్రెలు దిగే వైపు.

యాసంగి ముందు కట్టమైసమ్మ కాడ పెద్దమనుషులు కూర్చునేవాళ్లు. తైబందీ. చెరువులో నీళ్లు చూసి ఈ పంటకు ఎన్ని మళ్లు పెట్టొచ్చో తేల్చడం. నీళ్లు తక్కువైన ఏడు ఎకరం ఉన్నవాడికి పది గుంటలు, నాలుగెకరాల ఆసామికి ఎకరం. మిగతాది పడావు. అంతకు మించి ఒక్క మడి దున్నినా నీళ్లు పోవు. చివరి మాట పెద్దమనుషులది, కాని ముందు మాట నీరటిది. వాళ్లు గద్దె మీద, ఆయన కింద గొంతుక్కూర్చుని.

"ఎన్ని దినాలు పారుతదిరా?"

"మెట్టు మీద మెట్టు మూడున్నయ్ పటేలా. యాభై దినాలు. వాన పడ్తదని లెక్కేయకుండ్రి."

వాన లెక్క వేసుకున్న ఏడల్లా చివరి మళ్లు ఎండాయి.

*

మగపిల్లలకు చెరువే బడి. ఎండిన అనపకాయ బుర్ర నడుముకు కట్టుకుని ఈత నేర్చుకున్నాం. బుర్ర విప్పేసిన రోజు ఒక మెట్టు ఎక్కినట్టు. ఆ తర్వాత మెట్టు, పెద్ద తూము గోడ మీది నుంచి దూకడం. "మొగోనివైతే దుంకు" అనేవాళ్లు. మగవాడివి కాదేమోనన్న అనుమానం పదేళ్లకే మా అందరికీ ఎక్కించారు. ఇంట్లో దెబ్బ తగిలి ఏడిస్తే "ఆడిపిల్ల తీర్గ ఏడుస్తవేందిరా", పాము కనబడి వెనక్కు నడిస్తే అదే మాట.

ఒకరోజు గోడ ఎక్కి నిలబడ్డాను. కింద నీళ్లు సుడి తిరుగుతున్నాయి. కట్ట మీది నుంచి నీరటి పరుగున వచ్చాడు.

"దుంకకు బిడ్డా. తూము ఇప్పి ఉన్నది, గుంజుతది."

పిల్లలందరూ నవ్వారు. "గీయన నీరటి, గీయనకే నీళ్లంటె బుగులు!" నేనూ నవ్వాను. నవ్వుతూనే దిగిపోయాను. భయం నాది, నవ్వింది ఆయన్ని చూసి.

ఆ తూము బిరడా నీళ్లలో మునిగి చేత్తో తీసేది ఆయనే. పెద్ద కట్టె మొద్దు, చుట్టూ గోనెగుడ్డ. నిండు చెరువులో ఊపిరి బిగబట్టి రాతి స్తంభం పట్టుకుని దిగి, కాలితో తడిమి, సరిగ్గా ఎంత కావాలో అంత లాగి పైకి వచ్చేవాడు. ఒక్కసారి కూడా దూకలేదు. నెమ్మదిగా, మెట్లు దిగినట్టు దిగేవాడు.

*

వాయుగుండం పట్టిన ఒక రాత్రి చెరువు మత్తడి దుంకుతోంది. రెండు రోజులుగా ముసురు. అర్ధరాత్రి డప్పు చప్పుడు. చాటింపుకు ఒక రకం, చావుకు ఒక రకం, దేవుడికి ఒక రకం కొడతారు. ఇది అవేవీ కాదు. నాయన ఉన్నపళంగా పార అందుకున్నాడు. "నువ్వు గూడ రా" అన్నాడు నాతో. అమ్మ వద్దంది. "మొగపిలగాడు, కట్ట మీదికి రాకపోతే యాడికి పోతడు?" నా జీవితంలో అంత గర్వపడ్డ రాత్రి ఇంకోటి లేదు.

కట్ట బయటి వాలులో బుంగ పడింది. ఎలుక బొక్కో, ఎండ్రకాయ బొక్కో, చిన్నగా మొదలై పెద్దదవుతోంది. కంచుడు, లాంతర్ల వెలుగులో మేం పోయేసరికి నీరటి ఆ బుంగలో గడ్డికట్ట కుక్కి, దాని మీద వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. పొట్ట దాకా బురద నీళ్లు. నోట్లో ఆరిపోయిన చుట్ట. మమ్మల్ని చూసి, "ఇసుక సంచులు తేండ్రి, నేను లేస్త" అన్నాడు, బండిలో చోటు పట్టుకుని కూర్చున్నవాడు చెప్పినట్టు.

తెల్లారేదాకా ఊరి మగవాళ్లంతా వరస కట్టారు. చేతి నుంచి చేతికి సంచి. ఎవరి చేతి తర్వాత ఎవరి చేయి అని ఆ రాత్రి చూసుకోలేదు. నేను లాంతరు పట్టుకున్నాను. కట్ట ఆగింది. కింది ఊళ్లు నాలుగు ఆగాయి.

చీకట్లో, ఆ హోరు వానలో బుంగ ఎట్లా దొరికిందని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. "కాలుతోటి సూడాలె" అన్నాడు. చెప్పులు లేకుండా బయటి వాలు వెంట నడుస్తాడట. వాన నీళ్లు వెచ్చగా తగులుతాయి, కట్ట లోపలి నుంచి ఊరే నీళ్లు చల్లగా తగులుతాయి. చల్లగా తగిలిన చోట నిలబడి చెవి పెడితే కప్పల చప్పుడు కింద ఇంకో చప్పుడు వినిపిస్తుంది. "పసిపిల్ల పాలు తాగినట్టు ఉంటది" అన్నాడు.

ఆ రాత్రి కథ మా కచ్చీరు గద్దె మీద పదేళ్లు నడిచింది. ఎవరు ఎన్ని సంచులు మోశారు, ఎవరి భుజం తోలు లేచింది, ఎవరు "మేం మొగోళ్లం కాదా" అని ముందు దూకారు. నాయన చెప్పినప్పుడల్లా సంచులు పెరిగేవి. బుంగలో కూర్చున్న మనిషి మాత్రం ఆ కథలోకి రాలేదు. ఆయన పని ఆయన చేశాడు, అందులో చెప్పుకునేది ఏముందన్నట్టు.

*

ఇంకో రాత్రి గురించి ఎవరూ చెప్పుకోరు. ఊళ్లో బాగా పలుకుబడి ఉన్న ఒకాయన, వంతు తనది కాకపోయినా కాలువకు గండి కొట్టి తన మడికి నీళ్లు మళ్లించుకున్నాడు. నీరటి పోయి మూసేశాడు. తెల్లారి మా పొలం గట్టు మీదే, అందరూ చూస్తుండగా ఆయన నీరటి చెంప మీద కొట్టాడు. "నా మడికే కట్టేస్తవా?" నీరటి తలపాగా కింద పడింది. తీసి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "మీ వంతు మంగళారం పటేలా" అన్నాడు. అంతే.

"తన్నులు తిని నిలవడ్డడు, గాడు మొగోడేనా?" అని మా చిన్నాయన నవ్వాడు. నాకూ అట్లాగే అనిపించింది. మంగళవారం నేను కావాలని పోయి చూశాను. కొట్టినాయన మడికి నీళ్లు వదిలాడు. గడియ తక్కువ చేస్తాడేమోనని నీడ కొలిచే పుల్ల దగ్గరే నిలబడ్డాను. తక్కువ కాలేదు. ఎక్కువా కాలేదు.

*

ఆయనకు చలిజ్వరం వచ్చి పది రోజులు పడకేసినప్పుడు ఆయన పెళ్లాం తూము మీదికి వచ్చింది. కొంగు బిగించి, పార భుజాన వేసుకుని. గద్దె మీద పెద్ద గొడవ. ఆడమనిషి తూము తొక్కితే మైసమ్మకు కోపం వస్తదని ఒకరు, ఆడదాని కాడ నీళ్లకు నిలబడుడేందని ఒకరు. మా అమ్మ గిన్నెలు తోముతూ, "నాట్లేసేది మేము, కలుపు తీసేది మేము, గప్పుడు మైసమ్మకు కోపం రాదా" అంది. లోపల అంది, బయటికి వినపడకుండా.

వేరే దారి లేక ఊరుకున్నారు. ఆ పది రోజులు ఆయకట్టులో ఒక్క కొట్లాట లేదు. ఆమె ఏదో గొప్పగా పంచిందని కాదు, మొగుడు పంచినట్టే పంచింది. మగవాళ్లకు అలవాటైన బూతులు ఆమె ముందు నోటికి రాలేదు, అంతే. "ఆడమనిషిని ఏమంటం?" అని గొణుక్కుంటూ వంతు దాకా ఆగారు. ఆయన లేచి నిలబడ్డ రోజే బూతులూ లేచి నిలబడ్డాయి.

నీరటికి జీతం లేదు. కొంచెం ఇనాం భూమి, పంట నాడు కల్లం కాడ మేర. మా ఊళ్లో ఎకరానికి రెండు కుంచాల వడ్లు, కుంచమంటే నాలుగు మానికలు. రాశి పొలి కొట్టగానే వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, నీరటి తలా ఒక గంప పట్టుకుని చుట్టూ నిలబడేవాళ్లు. ఆమె గంప పక్కన మానిక పెట్టుకుని కూర్చునేది. మా నాయన పోస్తుంటే నోటితో లెక్క పెట్టేది. "లాభం... రెండు... మూడు..." అని. ఒకటి అనకూడదు కల్లంలో.

*

తర్వాత రోడ్డు మీద రిగ్గు బండ్లు కనబడటం మొదలైంది. తమిళనాడు బండ్లు. పొద్దుగూకి మొదలుపెడితే తెల్లార్లూ ఆ మోత, తెల్లారేసరికి చెట్ల ఆకుల మీద బూడిదలాంటి దుమ్ము. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసేవాళ్లు వచ్చారు. మొదట మా చిన్నాయన బోరు వేశాడు. రెండించుల నీళ్లు పోశాయి. ఆ రోజు ఆయన మీసం దువ్విన తీరు ఇంకా కళ్ల ముందుంది.

"సొంత నీళ్లు తెచ్చుకునేటోడు మొగోడు. తూము కాడ వంతుకు నిలవడుడంటె ఆడోళ్లు నల్లా కాడ బిందె పట్టుకుని నిలవడ్డట్టే."

ఆ ఒక్క మాట మా ఊళ్లో ఎన్ని బోర్లు వేయించిందో. అన్నదమ్ములు గట్టుకు అటొకటి ఇటొకటి వేశారు. తమ్ముడు 200 అడుగులు పోతే అన్న 250 పోయాడు, తమ్ముడి బోరు ఆగింది. ఆగితే ఇంకో 50. చెరువు మాట ఎవరికి కావాలి? వరద తెచ్చే కాలువలు పూడాయి, శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, పత్తి లేచింది, తూము కంతలో కంప మొలిచింది. నీటి సంఘాలు పెట్టాలని 1997లో చట్టం వచ్చింది. మా ఊళ్లో ఎన్నిక జరిగింది, దండలు వేసుకున్నారు, ఆ మీటింగుకు నీరటిని పిలవలేదు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. అనుమతి లేనిదే బోరు వేయొద్దు, తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అసలే వద్దు. మా మంచినీళ్ల బోరింగుకు అరవై అడుగుల్లో రిగ్గు దిగిన రాత్రి నేను సెలవుకు ఇంట్లోనే ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు. అది మా నాయన వేయించింది.

ఆ ఒక్క సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

నాయన మొత్తం ఏడు బోర్లు వేశాడు. అమ్మ పుస్తెలతాడు మూడోదానికి పోయింది. నాలుగోది ఎండిన తెల్లారి రిగ్గు వెళ్లిపోయాక, పొలంలో కేసింగు పైపు మీద కూర్చుని ఉన్నాడు. తల, మీసాలు, కనురెప్పలు అన్నీ దుమ్ముతో తెల్లగా. నేను చాయ్ పట్టుకుని పోయాను. దుమ్ములో చెంపల మీద రెండు గీతలు కనబడ్డాయి. నన్ను చూసి తువ్వాలతో మొఖం గట్టిగా రుద్దుకుని, "కండ్లల్ల పడ్డది" అన్నాడు. "అవునే బాపూ, నాకు గూడ పడ్డది" అన్నాను. అంతకు మించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

వరసకు అన్న అయ్యేవాడు ఒకడు అట్లా ముఖం కడుక్కుని ఇంటికి రాలేకపోయాడు. పురుగుల మందు తాగాడు. అప్పుల వాళ్లు కూడా అంత ఒత్తిడి చేయలేదంటారు. నలుగుర్ల తల ఎట్ల ఎత్తుకోవాలె అని ముందు రోజు ఎవరితోనో అన్నాడట.

ఆ ఏళ్లలో కూడా నీరటి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కట్ట మీద తిరిగేవాడు. చుక్క నీరు లేని చెరువు. మేర ఎప్పుడో ఆగిపోయింది. "ఏం కాస్తున్నవురా, తుమ్మచెట్లనా?" అని నవ్వేవాళ్లు. 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలై మా చెరువు వంతు వచ్చినప్పుడు జేసీబీ వెనకాలే నడిచాడట, పాత తూము రాయి ఎక్కడ పూడిందో చూపించడానికి. తర్వాత గోదావరి నుంచి ఎత్తిపోసే దేవాదుల నీళ్లు వచ్చాయి, చెరువు నిండింది, ఎండిన బోర్లలో కూడా నీళ్లు లేచాయి. లేవగానే మావాళ్లు బోర్లకే దండం పెట్టారు.

*

మోకాళ్లు పట్టేసి బాపు ఇప్పుడు మంచం దిగడం తక్కువ. దినాలకు పోయొస్తానని చెబితే కాసేపు పైకప్పు చూశాడు.

"ఒక బస్త వడ్లు తీస్కపో. వాని మేర బాకున్నది."

"ఎప్పటిది?"

"తూము పారిన ఆఖరి ఏడుది. చివరి మడి ఎండింది గదా, కోపమొచ్చి ఇయ్యలె. ఎండింది వాని తప్పు గాదు. యాభై దినాలే అని ముందే చెప్పిండు."

ఆ వాడలోకి మా ఇంటి నుంచి బస్తా మోసుకుని పోవడం అదే మొదటిసారి. అక్కడి నుంచి మా ఇంటికే వచ్చేవి, కట్టెలో, గడ్డో. పందిరి కింద ఆమె కూర్చుని ఉంది. చూపు ఆనడం లేదు, గొంతు పట్టి గుర్తుపట్టింది. నేను "అవ్వా" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఆమె మొదటిసారి వినడం. ఏమీ అనలేదు, చెయ్యి చాపి బస్తా తడిమింది.

సంగతి చెప్పాను. మనవరాలిని పిలిచి లోపలి నుంచి మానిక తెమ్మంది. ఇత్తడిది, అంచు ఒకచోట నొక్కుకుపోయింది. చాప పరిపించి, బస్తా మూతి విప్పించి, ఆ చూపు లేని కళ్లతోనే కొలవడం మొదలుపెట్టింది. నిండిన మానిక మీద అరచేత్తో ఒక్కసారి రాసి, పక్కకు పోసి.

"లాభం... రెండు... మూడు..."

దినాలకు వచ్చినవాళ్లు మాటలు ఆపారు. ఇరవై నాలుగు దగ్గర ఆపింది.

"తూము కింద మీది మూడెకరాలే గదనయ్యా. ఆరు కుంచాలు. గీ మిగిలినయి తీస్కపో."

"ఉండనీ అవ్వా, బాపు ఇయ్యమన్నడు" అన్నాను.

"గవి మేర గాదు" అంది.

సగం బస్తా భుజాన వేసుకుని కట్ట మీది నుంచి ఇంటికి వచ్చాను. కింద జేసీబీ ఇంకా నడుస్తోంది. వాకిట్లో బస్తా దించిన చప్పుడుకు బాపు లోపలి నుంచి, "తీస్కోలేదా?" అన్నాడు.

"కొలుచుకున్నది" అన్నాను.

చాలాసేపటికి మంచం కిర్రుమంది. "ఎన్ని కుంచాలు?"

"ఆరు."

"మూడెకరాలకు ఆరు. సరిపోయింది" అని అటు తిరిగి పడుకున్నాడు.